అట్ట మీది కోడలు

మా అన్న మార్కాపురంలో అచ్చాఫీసు పెట్టి, ఇంట్లో కూచొని సంగీతం నేర్చుకునే ఆడవాళ్ళ కోసం నెలనెలా ఒక పత్రిక తీసేవాడు. లోపలి పాఠాలు మేష్టర్లు రాసేవాళ్ళు. అట్ట మాత్రం మా అన్నదే. ఆ అట్టలను ఎవరన్నా తక్కువచేసి మాట్లాడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"చదివేది కోడలు. ఇంట్లోకి రానిచ్చేది అత్త. కాబట్టి అట్ట అత్తకు నచ్చాల" అనేవాడు. ఎంత తెలివి చూడండి! మద్రాసు పత్రికలోళ్ళు వీణ పట్టుకున్న అందగత్తెలను వేసుకుంటా ఉంటే, ఈయన ఉయ్యాల్లో బిడ్డ, చాటలో బియ్యం, ఆ పక్కనే హార్మోనియం ముందర ఒక కోడలు, ఇట్ల వేసేవాడు. పాడుకున్నంత మాత్రాన ఇల్లేం చెడిపోదని చదువురాని అత్తకు గూడ అర్థం కావాలంట. దేవుడి బొమ్మ మాత్రం ఎప్పుడూ వేయలేదు. కొనకనమిట్ల పక్క చర్చి పాటలు పాడేవాళ్ళ ఇళ్ళకు, మార్కాపురంలో సాయిబుల ఇళ్ళకు గూడ పత్రిక పోయేది. చూసినవాళ్ళందరికీ ఇది మా ఇల్లే అనిపించాల కదా! పసుపు కాగితం మీద ఎర్ర సిరా వేయించేవాడు. అట్లాంటి కాగితాన్ని చించి చింతపండు పొట్లం కట్టడానికి ఏ ముసలామెకూ చేతులు రావని ఆయన లెక్క.

ఇన్ని ఇళ్ళలో దూరినోడు సొంత చెల్లెలి ఇంట్లో మాత్రం ఓడిపోయినాడు. నన్ను గిద్దలూరు ఇచ్చినారు. నాతో తెచ్చుకున్న హార్మోనియాన్ని మా అత్త మొదటి రోజే అటక ఎక్కించింది. "పెట్టె ముందర కూచొని పాడేది నాటకాలోళ్ళు. మన ఇండ్లలో ఆడోళ్ళు పాడరు" అనింది. చెడ్డ మనిషి కాదు. నాకు జరమొస్తే నా పక్క వదిలేది కాదు. ఈ ఒక్కదాంట్లోనే మొండి. లోపల్లోపలే పాడుకొని పాడుకొని, చివరికి నా గొంతు ఎట్లుంటుందో నేనే మరిచిపోతానేమోనని భయమేసేది. ఏడ్చేదాన్ని.

అన్న ప్రతి నెలా పత్రిక తెచ్చేవాడు. అత్త అట్ట చూసి, "ఎవరో పట్నమోళ్ళు" అని పక్కన పడేసేది.

ఇంతలో యుద్ధమొచ్చింది. మద్రాసు నుంచి అట్టబొమ్మల అచ్చుదిమ్మెలు రావడం ఆగిపోయింది. అన్న తానే చెక్క మీద బొమ్మ చెక్కినాడు. బొమ్మను తిరగేసి చెక్కితేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. మా మహానుభావుడు హుషారులో ఉన్నదున్నట్టే చెక్కేసినాడు. అచ్చంతా అయినాక చూసుకుంటే, కోడలు ఎడమ చేత్తో మెట్లు నొక్కుతా, కుడి చేత్తో తిత్తి ఊపుతా ఉంది. పైటేమో కుడి భుజం మీద పడింది. మేష్టర్లు పగలబడి నవ్వినారంట. మళ్ళీ వేద్దామంటే ఆ రోజుల్లో కాగితం యాడిది?

ముఖం వేలాడేసుకొని గిద్దలూరులో రైలు దిగినాడు. "ఈసారిది ఎవరికీ చూపించొద్దమ్మా, పరువు పోయింది" అని నాతో చెప్పి పత్రిక సంచీలోనే ఉంచుకున్నాడు. మా అత్తేమో మా పుట్టింటికి అలసందలు పంపాలని ఆ సంచీనే తీసింది. పత్రిక చేతికొచ్చింది.

వాకిట్లో వెలుతురుకు పోయి, అట్టను దూరంగా పట్టుకొని చాలాసేపు చూసింది.

"కుడి పైట" అనింది.

మాలో పెద్దవాళ్ళందరిదీ కుడి పైట. బడికి పోయిన మా ఈడువాళ్ళమే ఎడమకు మార్చుకున్నాం. అన్న అప్పటిదాకా వేసిన కోడళ్ళందరిదీ ఎడమ పైటే. అన్నీ ఆలోచించినోడికి ఇది మాత్రం తట్టలేదు.

"మన మనిషే! మనోళ్ళు గూడ పెట్టె వాయిస్తారా? ఎవరింటి కోడలు నాయనా ఈ పిల్ల?"

మా అన్నకు అబద్ధం ఆడటం రాదు. "అది కాదత్తా, చెక్క మీద..." అని మొదలుపెట్టినాడు. తలుపు కాడ నిలబడి కళ్ళెర్రజేసినాను. నోరు తెరిచినావంటే చంపేస్తా అన్నట్టు చూసినాను. ఆయన నన్ను చూసి మాట మార్చినాడు.

"మీ ఇంటి కోడలే అత్తా" అన్నాడు.

అత్త బొమ్మను చూసింది. నన్ను చూసింది.

"మరి పెట్టె అటక మీద ఉందేంది? నిలబడి చూస్తావేం నాయనా, దించు" అనింది.