సాయంత్రం తెరిచిన దవాఖాన

ఈ ఉదయం జనగామలో మా ఆఫీసు మెట్ల మీద ఎవరో ఫినాయిల్ చల్లారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే రహీమక్క గుర్తొచ్చింది. తొర్రూరు దగ్గరి ఒక ఊళ్లో నేను కొత్తగా పంచాయతీ కార్యదర్శిగా చేరినప్పుడు, ఆమె అక్కడి చిన్న సర్కారు దవాఖానలో నర్సు. పొద్దున్నే ఫినాయిల్‌తో గది తానే కడుక్కుని గర్భిణుల కోసం ఎదురుచూసేది. ఎవరూ వచ్చేవారు కాదు. వాళ్లకు శ్రద్ధ లేదని రాసి పంపమన్నాడు పై అధికారి. ఆమె రాయలేదు. నన్ను వెంటబెట్టుకుని పత్తిచేలకు నడిచింది.

గట్టు మీద కూర్చుని, "ఎందుకు వస్తలేరు? నా తప్పేందో చెప్పుండ్రి," అని అడిగింది.

"పొద్దుగాల వస్తే కూలి పోతది సిస్టరమ్మా," అంది ఎల్లమ్మ అనే నిండు గర్భిణి. "గా కిటికీకి పరదా గూడ లేదాయె."

"అయితే టైం మీరే చెప్పుండ్రి."

సాయంత్రమన్నారు. పరదా వాళ్లే పాత చీరలతో కుట్టుకొచ్చారు. నడవలేనివారిని వంతులవారీగా వాళ్లే తీసుకొచ్చేవారు. సేవ అంటే మనం ఇచ్చేదని, వాళ్లు పుచ్చుకునేదని అప్పటిదాకా నా నమ్మకం. ఎల్లమ్మకు రక్తపోటు ప్రమాదకరంగా పెరిగిందని అలాంటి ఒక సాయంత్రమే తెలిసింది. వెంటనే మహబూబాబాద్ పెద్దాసుపత్రికి పంపడంతో తల్లీబిడ్డా దక్కారు.

కొన్నాళ్లకు అధికారి పొద్దున తనిఖీకి వచ్చి, తలుపుకు తాళం చూశాడు. రహీమక్క ఆ వేళ ఇల్లిల్లూ తిరుగుతోందని చెప్పినా వినకుండా మెమో ఇచ్చాడు. గ్రామసభలో ఆడవాళ్లంతా లేచి, సాయంత్రం వేళనే తీర్మానంగా రాయమన్నారు. "రాస్తే నీ ఉద్యోగానికీ ముప్పే," అని ఆయన అంతకుముందే నాకు ఫోన్ చేసి ఉన్నాడు. పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశాను.

రహీమక్క చూసింది. "భయమైతే పక్కకు జరుగు చెల్లె, ఇంకొకలు రాస్తరు. ఊరు వాళ్లది. మనం రాసేటోళ్లమే."

రాశాను. సంతకాలతో, వేలిముద్రలతో పేజీ నిండిపోయింది.

అయినా ఆమెను భూపాలపల్లి అవతలి అడవి పల్లెకు బదిలీ చేశారు. బస్సెక్కుతూ, "ఆడ గూడ మనుషులే ఉంటరు గద. వాళ్లను గూడ అడుగుత," అంది. కొత్త నర్సు పొద్దున తలుపు తీస్తే, ఆడవాళ్లు తీర్మానం నకలు ఆమె చేతిలో పెట్టి సాయంత్రం రమ్మన్నారు. ఆమె వచ్చింది. చివరికి పై ఆఫీసుకూ ఆ వేళకే ఒప్పుకోక తప్పలేదు.

ఇప్పుడు నేను జిల్లా ఆఫీసులో ఉన్నాను. "జనానికేం తెలుసు," అనే మాట సమావేశాల్లో ఇంకా వినబడుతూనే ఉంటుంది. విన్న ప్రతిసారీ లేచి, "వాళ్లను అడిగారా?" అంటాను. కూర్చోమంటారు. జవాబు వచ్చేదాకా కూర్చోను.