అలాగే గారి భుజం

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకూ ఒకటి ఉండే ఉంటుంది. జీతం తీసుకునేటప్పుడు తప్ప దాని అవసరం ఎవరికీ రాలేదు. బోల్టుల ఫ్యాక్టరీలో స్టోర్సు గుమాస్తా. ఎవరేం చెప్పినా ‘అలాగే’ అంటాడు గనుక ఫ్యాక్టరీ మొత్తానికీ ఆయన అలాగే గారు. కోపం వచ్చినప్పుడు భార్య కూడా ఆ పేరుతోనే పిలిచేది. దానికీ అలాగే అనేవాడు.

ఉద్యోగుల సంఘం కార్యవర్గంలో ఆయనకో కుర్చీ ఉంది. ఎలా వచ్చిందని అడక్కండి, సంఘం అధ్యక్షుడు ఆయన భార్యకు స్వయానా అన్న. కార్యవర్గ సభ్యులకు అక్కడ ఉన్న పనల్లా చెయ్యి ఎత్తడమే. అధ్యక్షుడు తీర్మానం చదవడం ఆలస్యం, పక్కనే కూర్చున్న బావ కుడి చెయ్యి నిటారుగా లేచేది. మిగిలినవాళ్లు తీర్మానం వినేవాళ్లు కాదు. పాపం, వాళ్లకూ ఫోన్లున్నాయి కదా. ఆ చెయ్యి లేవడం ఓరకంట చూసి, తమ చేతులూ ఎత్తి దించి, మళ్లీ ఫోన్లలో పడేవాళ్లు. దాన్నే ఏకగ్రీవం అని రాసుకునేవాళ్లు.

అంతటి చేతికి నొప్పి వచ్చింది. ఒక పొద్దున చొక్కా తొడుక్కోబోతే భుజం కలుక్కుమంది. ఆ తర్వాత తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి లేవలేదు. భార్య వేడి కాపడం పెట్టమంది, ఎదురింటాయన ఐసు పెట్టమన్నాడు. రెండూ పెట్టుకున్నాడు. ఎవరినీ కాదనలేడు మరి.

సరిగ్గా అప్పుడే క్యాంటీన్ తీర్మానం వచ్చింది. క్యాంటీన్‌లో వంట చేసే ఆవిణ్ణి తీసేసి, ఆ పని అధ్యక్షుడి అల్లుడికి కాంట్రాక్టుకు ఇవ్వాలట. ఆవిణ్ణి అందరూ అక్కా అని పిలుస్తారు, కూర మారు వడ్డించమని అడిగి మరీ తింటారు. ఆ వంటగదే ఆవిడ బతుకుతెరువని అందరికీ తెలుసు. అయినా అది పోతుందంటే ఒక్కడికీ చీమ కుట్టినట్టయినా లేదు.

అధ్యక్షుడు చదివాడు. అలాగే గారు చెయ్యి ఎత్తబోయాడు. మోచెయ్యి బల్ల అంచు దాటకముందే నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి, దించేశాడు. ఎడమ చెయ్యి ఎత్తవచ్చన్న ఆలోచనే ఆయనకు రాలేదు. ఇన్నేళ్లలో ఆ చేతికి ఎప్పుడూ ఆ పని చెప్పలేదు. ఓరచూపులకు చెయ్యి కనబడలేదు, కన్నీళ్లు కనబడ్డాయి. సొంత బావే ఏడుస్తూ అడ్డం తిరిగాడంటే ఇందులో ఏదో మతలబు ఉందనుకుని అందరూ చేతులు ఒళ్లో పెట్టుకున్నారు. తీర్మానం వచ్చే సమావేశానికి వాయిదా పడింది.

మర్నాటికల్లా ఆయన ధీరుడైపోయాడు. మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లు లేచి మరీ నమస్కారం పెట్టారు. మధ్యాహ్నం అక్క ఆయన కంచం దగ్గరకొచ్చి నిలబడింది.

“నాకోసం ఇంట్లోవాళ్లకే ఎదురు తిరిగారు. ఈ మేలు మర్చిపోను అన్నయ్యా.”

భుజం నొప్పమ్మా అని చెప్పబోయి నీళ్లు నమిలాడు. ఆవిడ వెళ్లాక సిగ్గుతో ముద్ద దిగలేదు. సిగ్గుతోపాటు ఇంకొకటి కూడా ఉంది. ఉన్నమాట చెప్పాలంటే, అది సంతోషం. బుద్ధెరిగాక ఆయన్ను ఎవరూ అలా మెచ్చుకోలేదు.

ఇంట్లో భార్య మాత్రం దులిపేసింది. అన్నయ్య పరువు గంగలో కలిపారని ఆమె తిడుతుంటే నొప్పి సంగతి కక్కక తప్పలేదు. ఆమె అప్పటికప్పుడే అన్నకు ఫోన్ చేసింది. అధ్యక్షుడి ప్రాణం లేచొచ్చింది. బావకు ఎదురుతిరిగే బుద్ధి పుట్టలేదు, భుజం పట్టేసింది, అంతే కదా. జ్వరమొస్తే పలకరించని మనిషి సంఘం కారు వేసుకొచ్చి, పేరున్న కైరోప్రాక్టరు దగ్గరకు ఆయన్ను స్వయంగా తీసుకెళ్లాడు.

మందులూ సూదులూ లేకుండా, కీళ్లనూ వెన్నుపూసల్నీ చేత్తోనే సర్దే వైద్యుడతను. బల్ల మీద బోర్లా పడుకోబెట్టి రెక్క ఎముక చుట్టూ నొక్కాడు, మెడ కింద అరచెయ్యి ఆనించి ఒక్క అదుము అదిమాడు. టప్పుమన్న చప్పుడుకు అధ్యక్షుడు కుర్చీలోంచి లేచిపోయాడు, తన ఏకగ్రీవమే విరిగిందనుకున్నాడు. చెయ్యి ఎంతవరకు లేస్తే మీ పనికి ఇబ్బంది ఉండదని వైద్యుడు అడిగితే, రోగి నోరు తెరిచేలోపే అధ్యక్షుడు అందుకున్నాడు.

“పూర్తిగా లేవక్కర్లేదు డాక్టరుగారూ. పక్కవాళ్లకు కనబడితే చాలు.”

వైద్యుడికేమీ అర్థం కాలేదు. ఇది ఒక్కసారితో అయ్యేది కాదని, మళ్లీ మళ్లీ రావాలని, ఇంట్లో రోజూ గోడ మీద వేళ్లను పైకి పాకించాలని చెప్పి పంపాడు.

ఆ గోడ మీద హక్కంతా అధ్యక్షుడిదే అయింది. వారం వారం వచ్చి, వేళ్లు ఎక్కడిదాకా ఎక్కాయో చూసి పెన్సిలుతో గీత పెట్టేవాడు. భుజం దాటింది, చెవి దాటింది. చెల్లెలు మురిసిపోతూ కాఫీ ఇచ్చేది. గీత పైకి జరిగేకొద్దీ అలాగే గారికి దిగులు పట్టుకుంది. జబ్బు నయమవుతోందని బెంగపెట్టుకున్న రోగి లోకంలో ఆయనొక్కడే అయ్యుంటాడు. ఒకసారి వైద్యుడి దగ్గర అబ్బా అని మూలిగి కూడా చూశాడు. వైద్యుడు చెయ్యి అటూ ఇటూ తిప్పి, భుజం బాగానే ఉంది, మీరే భయపడుతున్నారు అన్నాడు. భయం నిజమే.

సమావేశం రోజు అక్క టీలు తెచ్చి పెట్టి, తలుపు దగ్గర ఆగింది. ఆవిడ ముఖంలో కంగారన్నది లేదు, అన్నయ్య ఉన్నాడుగా. అధ్యక్షుడు తీర్మానం చదివాడు. ఈసారి అందరూ ఫోన్లు పక్కన పెట్టి, తిన్నగా ఆయన చెయ్యి వంకే చూశారు. చెయ్యి బల్ల మీద ఉంది.

అధ్యక్షుడు ముఖానికి నవ్వు పులుముకుని బావ మీదికి ఒంగాడు.

“ఇంకా నొప్పిగా ఉందా బావా? ఉందని ఒక్క మాట చెప్పు చాలు. ఎత్తినట్టే రాసేసుకుంటాం.”

ఎంత సుఖమైన దారి. చెయ్యి ఎత్తనక్కర్లేదు, ఎవరితోనూ తగువు లేదు, సాయంత్రం ఇంట్లో అన్నం దొరుకుతుంది.

“లేదు బావా,” అన్నాడు. గది మొత్తానికీ వినబడింది. “నొప్పి పూర్తిగా తగ్గిపోయింది.”

చెయ్యి మాత్రం బల్ల మీంచి కదల్లేదు. ఆ గదిలో మరే చెయ్యీ లేవలేదు.