చర్చి బయట కూర్చునే నాయన

నిన్న చర్చిలో పిల్లలు తండ్రుల చొక్కాలకు కాగితం పూలు గుచ్చుతుంటే చిన్నప్పటి పెనుకొండ చర్చి గుర్తొచ్చింది. తొంభైల్లో అక్కడ తండ్రులకు కృతజ్ఞత చెప్పే ప్రార్థన కూడిక శని, ఆదివారాలు రెండు రోజులూ జరిగేది. ఆ ఈత చాపలు, కొత్త సున్నం వాసన అప్పట్లో అక్కడికి వచ్చినవాళ్లకు గుర్తున్నాయి కదా?

మా అమ్మ క్రైస్తవురాలు, నాయన కాదు. అయినా మమ్మల్ని సైకిల్ మీద తెచ్చి దింపి, ప్రార్థన అయ్యేదాకా బయట గోడ నీడన కూర్చునేవాడు.

నేను మూడో తరగతిలో ఉన్న ఏడు, కూడిక జరిగిన ఆదివారం పాస్టరు గారు తండ్రులందరినీ ముందుకు పిలిచారు. నేను బయటికి పరుగెత్తాను.

“నాయనా, లోపలికి రా.”

“నాకేం తెలుసుమ్మా ఆడ? నువ్వు పో.”

“అందరి నాయనలూ ఉండారు. నేనొక్కదాన్నే నిలబడాల్నా?”

నాయన లేచాడు. చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి నా వెంట వచ్చాడు.

బిడ్డల తల మీద చేయి పెట్టి ప్రార్థించమన్నారు పాస్టరు గారు. చుట్టూ తండ్రులు గట్టిగా ప్రార్థిస్తున్నారు. నాయనకు ప్రార్థన రాదు. అందరూ చూస్తారేమోనని నాకు భయమేసింది. నాయన తన గరుకైన చేయి నా తల మీద పెట్టాడు.

“సామీ, ఈ బిడ్డను సల్లంగా సూడు” అన్నాడు మెల్లగా. ఏ సామో చెప్పలేదు.

ఆడవాళ్ల వరుసలోంచి, అందరికన్నా ముందు, అమ్మ గొంతు వినిపించింది: “ఆమేన్.”