ఆళ్లగడ్డ అడుగు

ఈ రోజు ఆళ్లగడ్డలో చెక్కభజన పోటీకి మా నంద్యాల జట్టు వెళ్లింది. మూడడుగులు వేసి, మోకాలు వంచి గిర్రున వెనక్కి తిరిగితే జనం ఈలలు వేశారు. ఆట ముగియగానే ఆ ఊరి పెద్దాయన ఒకాయన వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నంద్యాలోళ్లు ఇట్ల తిరగరు. ఇది మా ఊరి అడుగు. ఎవరు నేర్పిరప్పా?"

"మా వీధిలో ఉండే రంగన్న" అన్నాను గర్వంగా.

"అయితే ఇన్నేండ్లూ వాడు నంద్యాలలో ఉండాడు" అంటూ పక్కనున్న తన కొడుకుల వైపు చూశాడు. వాళ్లు నవ్వలేదు.

బస్సు దిగి నేరుగా రంగన్న ఇంటికి వెళ్లి చెప్పాను. మీది ఏ ఊరంటే ఎన్నడూ చెప్పని మనిషి, లేచి తలుపు గడియ పెట్టాడు. "బిరాన పెట్టె సర్దు" అన్నాడు భార్యతో. పొద్దుగూకకముందే ఇల్లు ఖాళీ అయింది.

నేర్పినవాడి పేరు చెప్పడం మర్యాద అనుకున్నాను. మీరైతే చెప్పకుండా ఉండేవారా?