రుబ్బురోలు రాగం

నర్సీపట్నంలో గుమాస్తాగిరీ చేసే యాజులుగారికి కీర్తన పుట్టేది సరిగ్గా ఆఫీసు వేళకే. సగం గీసిన గడ్డంతో, సబ్బు నురగ బనీను మీదికి కారుతుండగా, దేవుడి గూటి ముందు కూలబడి కళ్ళు మూసుకుంటారు. ఇక ఎంత పిలిచినా పలకరు. ఆవేళ కళ్ళనీళ్ళతో లేచి, "ఉపమాక వెంకన్న నా చెవిలో పాడాడే!" అంటూ కొత్త వరస వినిపించారు. రుబ్బురోలు దగ్గర పిండిచేతులతో ఉన్న భార్య శ్యామలాంబకు ఒళ్ళు మండిపోయింది. "వెంకన్నా లేదు, నా తలకాయా లేదు! పొద్దుట్నుంచీ పప్పు రుబ్బుతూ నేను తీస్తున్న కూనిరాగమండీ అది. బేగి గడ్డం గీసుకోండి!" ఆయన మిగతా సగం గడ్డం గీసుకోడానికి వెళ్ళిపోయారు.

మర్నాడు మళ్ళీ గూటి ముందు కళ్ళు మూసుకున్నారు. ఎంతసేపటికీ ఏమీ రాలేదు. చివరికి ఒక కన్ను తెరిచి వంటింటివైపు కసిరారు: "ఏమేవ్, ఇవాళ పప్పు రుబ్బవేటే?"