తరుగు లేని కాటా

మార్కాపురంలో నేను ఇరవై ఏళ్లకు పైగా పనిచేసిన మండీలో నా పని తూకం లెక్క. రైతు బస్తాను కాటా మీద పెడతాడు. నేను అంకె చూసి, అందులోంచి రెండు కిలోలు తరుగు తీసేసి, మిగిలింది గట్టిగా చెప్తాను. మట్టికి, తేమకు, గోనెసంచి బరువుకు కలిపి ఆ రెండు కిలోలు అని చెప్పుకుంటారు. ఎండిన కందుల్లో అంత తేమ ఉండదని మండీలో అందరికీ తెలుసు, రైతుకూ తెలుసు. నేను పుట్టకముందు నుంచీ ఉన్న పద్ధతి అది. నేను చదివింది ఏడో తరగతి. మిగతా లెక్కలన్నీ బస్తాల పక్కన నిలబడి నేర్చుకున్నవే. ఎన్ని బస్తాలు వచ్చినా కాగితం లేకుండా కూడి చెప్పగలనని ఊళ్లో నాకు కొంచెం పేరుండేది.

ఆ పేరు ఒక్క పూటలో పనికి రాకుండా పోయింది. యజమాని కొడుకు కంప్యూటరుకు తగిలించిన కొత్త కాటా తెచ్చాడు. బస్తా పెట్టగానే తరుగు కూడా అదే తీసేసి చీటీ బయటికి తోస్తుంది. యజమాని నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు.

"తప్పుగా అనుకోబాకు భాయ్. ఆ డబ్బా నీకన్నా గొప్పగా చేసేదేం లేదు. కాకపోతే మధ్యలో టీ అడగదు," అన్నాడు. ఆయన నవ్వలేదు కాబట్టి నేనూ నవ్వలేదు. పోతూ పోతూ పాత కాటా నన్నే తీసుకుపొమ్మన్నాడు. దాన్ని ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చి గుమ్మం పక్కన పెట్టాను.

తర్వాత రోజులు నాకు కుదురు లేదు. పొద్దున్నే చొక్కా వేసుకుని మండీ వీధి మలుపు దాకా పోయి వెనక్కి వచ్చేవాణ్ణి. అంకెలు మాత్రం తలలో ఆగేవి కావు. మసీదు గోడకు ఎన్ని ఇటుకలు పట్టి ఉంటాయి, టీ కొట్టువాడు లీటరు పాలకు ఎన్ని గ్లాసులు తీస్తాడు, ఇంట్లో డ్రమ్ములో బియ్యం ఎప్పటిదాకా వస్తాయి. చివరిది ఒకసారి పైకే అన్నాను. బ్లౌజు కుడుతున్న నా భార్య మిషను ఆపింది.

"క్యా జీ, బియ్యం సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు ఆ కాటా పక్కనుంచి లేస్తే ఊడ్చుకుంటా."

ఆమె పెదనాన్న కొడుకు హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. పక్క అపార్ట్‌మెంటులో మనిషి కావాలని, రంజాన్ దాకా ఆ చోటు ఆపి ఉంచుతానని కబురు చేశాడు. మెట్ల కింద ఒక గది ఇస్తారట. ఇద్దరం పోవచ్చు. ఆమె ఆ మాట ఒకసారి చెప్పి మళ్లీ ఎత్తలేదు. ఎత్తకపోవడం వల్ల నాకు ఇంకా తొందర పుట్టింది.

ఆ శుక్రవారం మసీదులో మౌల్వీ సాబ్ తూకం గురించి మాట్లాడాడు. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలుచుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించేవాళ్ల గురించి. చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు విన్నదే. పని ఉన్నన్నాళ్లు, అది ఎవరో వేరే వాళ్ల గురించి చెప్తున్నట్టుగా వినేవాణ్ణి. ఆ రోజు చేతిలో పని లేదు, ఇంట్లో కాటా ఉంది. అందరూ లేచి వెళ్లాక కూడా అక్కడే కూర్చున్నాను. నాకు వచ్చిందల్లా తూకం. దేవుడు నా దగ్గర మిగిల్చింది ఒక కాటా. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చేయాల్సింది ఏమిటో కనబడింది. సంతోషం కలిగిందని చెప్పలేను. భయం వేసింది.

చేయాలనుకున్నది ఇది. ఊళ్లకే పోయి కల్లాల దగ్గర కందులు తూచి కొని, మార్కాపురంలో పప్పుమిల్లుకు చేర్చాలి. తరుగు తీయకూడదు. ఖాళీ సంచి కాటా మీద పెట్టి అంకెను సున్నా చేసి, ఆ తర్వాత నిండు బస్తా ఎంత చూపితే అంత. మిల్లు యజమాని ఒప్పుకున్నాడు. సరుకు డబ్బు ఆయనే ఇస్తాడు, నాకు క్వింటాలుకు ఇంత అని కూలి. వడ్డీ మాట లేదు. "మిగతా దళారులు తరుగు జేబులో వేసుకుంటారు. నువ్వు తీసుకుంటే తీసుకో, మానుకుంటే మానుకో. నాకు నువ్వు చెప్పిన బరువు ఇక్కడ సరిపోవాల," అన్నాడు.

తూనికల ఆఫీసులో కాటాకు ముద్ర వేయించాను. నా భార్య తమ్ముడికి ఆటో ఉంది, వాడు తోలుతానన్నాడు. రంజాన్ నెల మొదలయ్యేలోపు ఇది నిలబడకపోతే హైదరాబాదు పోదామని ఇంట్లో నేనే మాటిచ్చాను.

మొదట పోయింది పెద్దారవీడు వైపు ఒక ఊరికి. కందులు కొట్టే రోజులు. కాటా దించగానే పదిమంది చేరారు. మెడలో తువ్వాలు వేసుకున్న ఒకాయన ముందుకొచ్చాడు.

"తరుగు ఎంత తీస్తావు సాయిబూ?"

"తీయను మామా."

"తీయవా?"

"గింజ కూడా తీయను."

వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేను వాళ్ల సంతోషం కోసం ఎదురుచూస్తున్నాను. ఆయన కాటా చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, వంగి దాని అడుగున చూశాడు.

"అయితే దీంట్లోనే ఉండాదన్న మాట," అన్నాడు.

అందరూ నవ్వారు. ముద్ర చూపించాను. "ముద్ర లేని కాటా మేం ఇంతవరకు చూళ్లేదులే," అని ఇంకొకాయన అన్నాడు. "వచ్చే దళారి రెండు కిలోలు తీస్తాడు, నిజమే. మా కళ్ల ముందర తీస్తాడు. నువ్వు యాడ తీస్తావో మాకు కనపడదే!"

ఆ రోజు ఒక్క బస్తా కూడా లేవలేదు. మర్నాడు ఇంకో ఊరు, ఆ తర్వాత అర్ధవీడు వైపు. ప్రతిచోటా అదే ప్రశ్న, అదే నవ్వు. ఒక ఊళ్లో నా జేబులు తడిమారు. కాటాను జేబులోని రిమోటుతో ఆడించేవాళ్లు ఉన్నారని టీవీలో చూశారట. ఇంకో ఊళ్లో ఒకావిడ మేకపిల్లను తెచ్చి తూయించుకుని, థాంక్స్ చెప్పి, కందులు మాత్రం దళారికి వేసింది.

ఖాళీ ఆటోలో తిరిగి వస్తున్నప్పుడు నా బావమరిది మొదలుపెట్టాడు.

"బావా, నేనొకటి చెప్తా, కోప్పడబాకు. రెండు కిలోలు తరుగు అని పైకి చెప్పు. ఆ రెండు కిలోల డబ్బు రేటులో కలిపియ్యి. వాళ్లకు పోయేది లేదు, నీకు వచ్చేది లేదు. తరుగు తీసినావని వాళ్లకు నిద్ర పడతాది."

నేను తలలోనే కూడి, తీసి చూశాను. వాడు చెప్పింది నిజం. ఎటునుంచి చేసినా రైతు చేతికి అదే సొమ్ము వస్తుంది. జీవితమంతా లెక్క సరిపోతే పని సరిపోయిందని నమ్మినవాణ్ణి. ఇక్కడ లెక్క సరిపోయింది, నాకు మాత్రం సరిపోలేదు. కాటా ఒకటి చూపిస్తుంటే నోటితో ఇంకొకటి చెప్పాలి. మౌల్వీ సాబ్‌ను అడుగుదామా అనుకుని మసీదు దాకా పోయాను. ఆయన ఏం చెప్తాడో తెలిసే అడగకుండా నమాజు చేసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చాక కూర్చోలేదు, పడుకోలేదు. కాటా తుడిచాను. మళ్లీ తుడిచాను.

"తుడిచి తుడిచి దాని బరువే తగ్గిస్తావు," అంది నా భార్య. తర్వాత కొంచెం ఆగి, "వాళ్లకు కాటా మీద కాదు అనుమానం, నీ మీద. నువ్వు పక్కకు జరగరాదా?" అంది.

ఆమె తన ఊడ్పు గొడవలో అన్నట్టే అంది. నాకు అది పట్టుకుంది.

మర్నాడు మొదటి ఊరికే మళ్లీ పోయాం. ఊరి చివర ఒక అవ్వ కల్లం. కొడుకు బెంగుళూరులో సెంట్రింగు పనిలో ఉన్నాడు, కందులు ఆవిడే కూలోళ్లతో కొట్టించుకుంది. ఎవరూ లేరు కదా అని దళారి రేటు తగ్గించి అడిగాడట, ఆ కోపంలో ఉంది. నేను కాటా దించి, సంచి పెట్టి సున్నా చేసి, నా ఫోను, జేబులో ఉన్నవన్నీ తీసి అవ్వ చేతిలో పెట్టాను.

"ఏంది నాయనా ఇది?"

"నేను ఆ గట్టు మీద అటు తిరిగి కూచుంటా అవ్వా. నువ్వే తూచుకో, నువ్వే చెప్పు. అంకెలు తెలుసు కదా?"

"బస్సు నెంబరు చూడనా, ఫోను నొక్కనా? అంకెలు తెలీకపోవడమేంది!" అని కసిరింది. "నేనెంత చెప్తే అంత రాసుకుంటావా?"

"అంతే రాసుకుంటా."

"పిచ్చి సాయిబే," అని బావమరిదితో అంది. వాడు ఆకాశం వైపు చూశాడు. అవ్వ వంద చెప్పినా నేను మిల్లుకు వంద లెక్క అప్పజెప్పాలని వాడికి తెలుసు.

ముందు ఆవిడ ఇంట్లోంచి విప్పని యూరియా బస్తా ఒకటి మోయించి తెచ్చింది. దాని బరువు ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాటా సరిగ్గా చూపినట్టుంది, దాన్ని పక్కకు దించమంది. తర్వాత కందుల బస్తాలు. మా వైపు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. మా ఇళ్లల్లో అయితే బర్కత్ అంటాం. అవ్వ గొంతు నా వీపు వెనకనుంచి వినబడింది. "లాభం! నలభై తొమ్మిది." కాసేపటికి, "రెండు! నలభై ఎనిమిదిన్నర." నేను కొండల వైపు చూస్తూ కూడుకుంటూ పోయాను. వెనక్కి తిరగాలని మెడ లాగుతూనే ఉంది. పన్నెండు బస్తాలు. ఆవిడ చెప్పినదానికి డబ్బిచ్చి, సరుకు వేసుకుని వచ్చేశాం.

మిల్లు దగ్గర మళ్లీ తూచారు. అక్కడి గుమాస్తా తల గోక్కున్నాడు.

"భాయ్, నువ్వు చెప్పినదానికి ఇరవై నాలుగు కిలోలు ఎక్కువ వచ్చినాయి."

నా బావమరిది నా భుజం పట్టుకుని ఊపేశాడు. "అల్లా ఇచ్చినాడు బావా!"

నేను మాత్రం బస్తాలు లెక్కపెట్టాను. పన్నెండు బస్తాలు, ఇరవై నాలుగు కిలోలు. ఇంక కూడేదేం లేదు. కాటా యాభై ఒకటి చూపితే అవ్వ నలభై తొమ్మిది అని చెప్పింది. తరుగు తీసేవాడు ఎదురుగా లేకపోయేసరికి, జన్మంతా అలవాటైన ఆ రెండు కిలోలు ఆవిడే తీసేసి చెప్పింది.

"నువ్వు తీయలే కదా," అన్నాడు వాడు. "ఆమే తీసేసింది. నీ నోటితో అబద్ధం చెప్పలే, నీ చెయ్యి కాటాకు తగల్లే. ఇంక నీకేంది బాధ? ఇట్లనే ఊరూరూ తూచుకోమను, హైదరాబాదు మాటే ఉండదు."

అదీ నిజమే. వాడు చెప్పేవన్నీ నిజాలే కావడం నా ఖర్మ. నేను అడగకుండానే తరుగు దానంతట అదే వస్తుంది. ఇంట్లో చెప్తే నా భార్య విని అన్నం పెట్టింది. రంజాన్ దగ్గర పడుతోంది. అన్నం సగంలో లేచాను. తెల్లారి మిల్లుకు పోయి ఆ ఇరవై నాలుగు కిలోలు లెక్కలోకి ఎక్కించకుండా సంచిలో వేయించుకున్నాను.

అవ్వ వాకిట్లో చాట చెరుగుతోంది. సంచి చూసి, "మళ్లా ఏంది?" అంది.

"నీ కందులే అవ్వా. బస్తాకు రెండు కిలోలు తగ్గించి చెప్పినావు."

"తరుగు తీయాల కదా?"

"తీయనని చెప్పినా కదా!"

"నువ్వు తీయనంటివి. నేను తీయనన్నానా?" అని కొంచెం ఆలోచించి, తనకే నవ్వొచ్చి చాట పక్కన పెట్టింది. తర్వాత కేకేసింది. "ఒరే, ఇట్ల రాండిరా! సాయిబు తరుగు ఎనక్కి తెచ్చినాడు!"

నలుగురూ చేరారు. తువ్వాలు వేసుకున్న ఆయన కూడా వచ్చి సంచిలో చెయ్యి పెట్టి కందులు తీసి చూశాడు. అవే కందులా అన్నట్టు. "ఎనక్కి వచ్చిన తరుగు నా బతుకులో ఇదే చూడ్డం," అన్నాడు, ఈసారి నవ్వకుండా.

కానీ అవ్వ తీసుకోనంది. కల్లం దాటిపోయిన గింజ మళ్లీ ఇంట్లోకి రాకూడదట. నేను పట్టుకుపోనన్నాను. సంచి మా ఇద్దరి మధ్య కాసేపు అట్లాగే ఉంది. చివరికి ఆవిడే దారి చూసింది. పెద్ద గుండిగ తెప్పించి, కొన్ని కందులు కడిగి పొయ్యి మీద ఉడకబెట్టించింది. మిగతావి ఉడికించుకోమని ఇంటింటికీ దోసిళ్లతో పంచింది. ఉప్పు, కారం వేసిన గుగ్గిళ్లు ఆకుల్లో పెట్టుకుని వాకిలి నిండా జనం తిన్నారు. నేనూ తిన్నాను. ఎన్నాళ్లకో తిన్నది ఒంటికి పట్టినట్టనిపించింది.

"రేపు మా కల్లానికి రా," అన్నాడు తువ్వాలాయన, ఆకు విసిరేస్తూ. "అయితే నువ్వు అటు తిరిగి కూచోవాల."

"కూచుంటా మామా."

ఇంటికొచ్చి జరిగింది చెప్పాను. నా భార్య ఫోను తీసుకుని హైదరాబాదుకు చేసి, ఆ చోటు వేరేవాళ్లకు ఇచ్చెయ్యమంది.

మర్నాడు ఆయన కల్లంలో నేను గట్టు మీద అటు తిరిగి కూర్చున్నాను. తూచడానికి ఊళ్లో వాళ్లు అవ్వనే పిలిచారు. మొదటి బస్తా కాటా మీద పడిన చప్పుడు వినబడింది.

"లాభం! నలభై ఎనిమిది."

నేను తిరగలేదు. "అవ్వా, బాగా చూసినావా?" అని కొండలకేసి అడిగాను.

ఎవరో కిసుక్కున నవ్వారు.

"యాభై," అంది అవ్వ, విసుగ్గా. "ఈ నోరు అట్లనే పోతాది, ఏం చేద్దును!"