లింబాద్రి వంట పాలి

ఇనుప చువ్వలు వంచి కట్టే పనిలో లింబాద్రికి ఎదురులేదు. కానీ గల్ఫ్‌లో, ఇబ్రా ఊళ్లో బడి కడుతున్న సైట్‌లో పరంజా మీంచి పడ్డాక, నడుం మీంచి చెయ్యి తీస్తే ఒట్టు. కుడివైపుకి ఒరిగి, నెత్తిన పచ్చికుండ ఉన్నట్టు నడిచేవాడు. నాలుగు నెలలు గడిచాయి. నెలాఖరులోగా డాక్టరు ఫిట్ అని రాయకపోతే ఇంటికి టికెట్టేనని క్యాంప్ బాస్ తేల్చేశాడు.

ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే వెంకటేశ్వర రావు భీమవరం మనిషి. ఎక్స్‌రేని వెలుతురులో పెట్టి చూపించాడు.

"ఎముక శుభ్రంగా అతుక్కుందయ్యా. నువ్వు నిలబడే తీరు చూస్తే మాత్రం ఇంకా పడుతూనే ఉన్నట్టుంది."

"నొస్తది సార్," అన్నాడు లింబాద్రి బిక్కమొహంతో.

రావు నిట్టూర్చి, తోడొచ్చిన రూమ్మేట్ పెద్దులును పక్కకి పిలిచి ఏదో చెప్పాడు.

రూమ్‌లో పన్నెండు మంది. బంగారం లాంటి మనుషులు. లింబాద్రి బట్టలు ఉతికారు, బకెట్ మోశారు, శుక్రవారం వంతులవారీగా వచ్చే వంట పాలి తప్పించారు. ఆ శుక్రవారం మాత్రం పెద్దులు గంటె తెచ్చి అతని చేతిలో పెట్టాడు.

"ఇయ్యాల పాలి నీదే."

"గంజు నేనెట్ల లేపుతనే అన్నా?" లింబాద్రి పన్నెండు మందికి వండే ఆ పెద్ద గిన్నె వైపు చూశాడు.

"ఏమో. మాకైతే ఆకలైతుంది."

అందరూ బయటికెళ్లి పేకాటకి కూర్చున్నారు. లింబాద్రికి ఏడుపొచ్చింది. ఇంతేనా వీళ్ల ప్రేమ అనుకున్నాడు. ఆ కోపంలోనే ఉల్లిగడ్డలు తరిగాడు, మాంసం కడిగాడు, కారం రెండు గంటెలు ఎక్కువే దట్టించాడు.

కాసేపటికి మాడు వాసన వచ్చింది. కేకేస్తే ఒక్కడూ పలకలేదు. పన్నెండు మంది తిండి నేలపాలా? గుడ్డలు పట్టి గంజు దించేశాడు. దించి ఊరుకున్నాడా, అదే ఊపులో గడప దాటి తెచ్చి పేకముక్కల మధ్య పెట్టాడు.

"తినుండ్రి! కడుపులు సల్లబడాలె!"

గంజు వైపు ఎవరూ చూడలేదు. అందరి కళ్లూ అతని నడుం మీదే. అప్పుడు తెలిసింది లింబాద్రికి, తను నిటారుగా ఉన్నాడని.

పెద్దులు కళ్లొత్తుకుంటూ నవ్వాడు. "రావు సారే జెప్పిండురా. నాలుగు నెల్లు మేమే నిన్ను లేవనియ్యలేదట."

ఆ కారానికి అందరి ముక్కులూ కారాయి. అయినా గంజు ఊడ్చేశారు. లింబాద్రికి ఒళ్లంతా సంతోషం.

శనివారం ఆసుపత్రిలోకి అతను తిన్నగా నడిచి వెళ్లాడు.

"నొప్పి పోయిందా?" అడిగాడు రావు.

"ఉంది సార్. ఉండనియ్యుండ్రి. నాతోనే డ్యూటీకొస్తది."